నెల తప్పక ముందే మొదలవ్వాల్సిన పరిచర్య

మన సంఘాల్లో బిడ్డల కోసం చేసే ప్రార్థనలకు ఒక వరుస ఉంది. కొత్తగా పెళ్ళయిన దంపతులకు గర్భఫలం దయచేయమని ప్రార్థిస్తాం. నెలలు నిండుతున్నప్పుడు సుఖప్రసవం కోసం ప్రార్థిస్తాం. బిడ్డ పుట్టాక ఎత్తుకుని ప్రతిష్ఠిస్తాం, పేరు పెడతాం. ఈ వరుసలో మొదటి ప్రార్థనకూ రెండో ప్రార్థనకూ మధ్య ఒక నెల ఉంది. ఆ నెల గురించి మేము సేవ చేసే ఈ బళ్ళారి సరిహద్దు ప్రాంతంలో ప్రసంగం వినపడదు, స్త్రీల కూడికలో పాఠం జరగదు. బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ పునాది పడేది సరిగ్గా ఆ నెలలోనే.

ఇది డాక్టర్లు చూసుకోవాల్సిన సంగతి కదా, సంఘానికి ఏం పని అని కొందరు అనుకోవచ్చు. సంఘానికి పని ఉందని, అది ఆలస్యం చేయకూడని పని అని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా జరిగేదేమిటో తెలుసుకుందాం. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు వైపున ఒక పలుచని పొర మందమవుతుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, మధ్యలో గాడి ఏర్పడుతుంది. అంచులు ఒకదాని వైపు ఒకటి వంగి కలుసుకుంటాయి. చపాతీని చుట్టినట్టు ఆ పొర ఒక గొట్టమవుతుంది. అతుకు మెడ దగ్గర మొదలై, ఒకవైపు తల దిక్కుకూ ఇంకోవైపు నడుము దిక్కుకూ సాగుతుంది. తల వైపు చివర సుమారు 25వ రోజుకు మూసుకుంటుంది. నడుము వైపు చివర 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అప్పటికి పిండం నువ్వు గింజకన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, అంతే. ఆ గొట్టం పైభాగమే తర్వాత మెదడు, కిందిభాగమే వెన్నుపాము. దాని అంచుల్లోంచి విడిపోయిన కణాలు ఒళ్ళంతా ప్రయాణించి చర్మానికి స్పర్శనిచ్చే నరాలుగా, పేగులను కదిలించే నరాలుగా స్థిరపడతాయి.

ఆ గొట్టం తల వైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు. అలాంటి బిడ్డ బతకదు. నడుము వైపు మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని, నరాలు బయటపడి, వీపు మీద సంచిలా ఉబ్బుతో బిడ్డ పుడుతుంది. దీన్ని స్పైనా బిఫిడా అంటారు. ఆ బిడ్డలకు ఆపరేషన్ కావాలి. చాలామందికి కాళ్ళలో బలం ఉండదు, మూత్రం మీద పట్టు ఉండదు. కొందరికి తలలో నీరు చేరి ఇంకో ఆపరేషన్ కావాల్సి వస్తుంది.

ఇక్కడ లెక్క చూడండి. గర్భం నిలిచిన రెండు వారాల తర్వాత గానీ నెల తప్పదు. నెల తప్పిందని గమనించి, ఇంకో వారం చూసి, అత్తగారికి చెప్పి, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకునే సరికి ఆ 28 రోజులూ దాటిపోతాయి. గర్భిణిగా నమోదయ్యాక ఇచ్చే మాత్రలు తల్లికీ బిడ్డకూ ఎంతో మేలు చేస్తాయి. కానీ మూసుకోని గొట్టాన్ని అవి మళ్ళీ మూయలేవు. అందుకే గర్భం రాకముందే తల్లి ఒంట్లో ఫోలిక్ ఆమ్లం తగినంత ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే. గర్భం కోరుకునే స్త్రీ అప్పటినుంచే, గర్భం నిలిచాక 12 వారాల వరకూ, రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి.

ఈ విటమిన్ కథలో మన దేశానికి పెద్ద పాత్ర ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1920ల చివర బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే ప్రమాదకరమైన రక్తహీనతను పరిశోధించింది. వాళ్ళకు రోగం అంటుకోలేదని, వాళ్ళ తిండిలో ఏదో లోపించిందని ఆమె గ్రహించింది. ఈస్టు సారంతో ఆ తల్లులు కోలుకోవడం చూసి 1931లో ప్రకటించింది. అందులో ఉన్న ఆ తెలియని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1941లో దాన్ని పాలకూర నుంచి వేరుచేసినప్పుడు, ఆకు అనే లాటిన్ మాట నుంచి ఆ పేరు పెట్టారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో చేయించిన అధ్యయనం వెలువడింది. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే, మళ్ళీ అదే లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని అది నిరూపించింది. 1998 నుంచి అమెరికా గోధుమపిండి వంటి ధాన్యపు పదార్థాల్లో దీన్ని తప్పనిసరిగా కలుపుతోంది. అంటే బొంబాయి మిల్లు కూలీ తల్లుల ఒంట్లో దొరికిన జ్ఞానం ప్రపంచమంతా బిడ్డలను కాపాడింది. బళ్ళారి పొలాల్లో మిరపకాయలు కోసే తల్లికి మాత్రం అది ఇంకా సరైన సమయానికి చేరడం లేదు.

మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి, మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. గీత గీశారు గానీ బంధుత్వాలు తెగలేదు. ఇవాళ్టికీ పెళ్ళికూతురు అటునుంచి ఇటు వస్తుంది, కూలీ ఇటునుంచి అటు వెళ్తుంది, కాన్పు కష్టమైతే రెండు వైపులవాళ్ళూ బళ్ళారి పెద్దాసుపత్రికే పరుగెడతారు. సండూరు కొండల్లోని ఇనుప ఖనిజం దేశదేశాలకు పోయింది. ఆ ఇనుము తవ్విన నేల మీద తల్లుల రక్తంలో ఇనుము లేదు.

మాట కోసం అంటున్నది కాదు ఇది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో గర్భిణుల్లో 45.7 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 53.7 శాతం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో కర్ణాటకలో 65.5 శాతం, ఆంధ్రలో 63.2 శాతం మందికి రక్తహీనత. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు కర్ణాటకలో 35.4 శాతం, ఆంధ్రలో 31.2 శాతం. సరిహద్దుకు ఏ వైపు నిలబడినా దాదాపు ప్రతి ముగ్గురు చిన్నపిల్లల్లో ఇద్దరికి రక్తం చాలదు.

దీనికీ మెదడుకూ సంబంధం ఏమిటి? గొట్టం మూసుకోవడంతో పని పూర్తి కాదు, మొదలవుతుంది. పెద్దయిన మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో చాలా భాగం తల్లి కడుపులోనే పుట్టి, తమ తమ చోట్లకు చేరుకుంటాయి. తర్వాత ఒకదానితో ఒకటి కలుపుకోవడం మొదలవుతుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడుతుంది. ఆ తొడుగు ఉన్న నరంలో సంకేతం ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. దాన్ని తయారుచేసే కణాలకు ఇనుము కావాలి. థైరాయిడ్ హార్మోను సరిగ్గా పనిచేయాలంటే అయోడిన్ కావాలి, అది లేకపోతే మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. రెండేళ్ళు నిండే సరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆ తొలి వెయ్యి రోజుల్లో ఇనుము లేకపోతే, తర్వాత రక్తం పట్టినా నేర్చుకునే శక్తిలో ఏర్పడిన లోటు పూర్తిగా తీరకపోవచ్చు. మన పిల్లలు పదో తరగతిలో లెక్కలు రాక బడి మానేస్తే శ్రద్ధ లేదంటాం. వాళ్ళలో కొందరి వెనుకబాటు ఆకలితో ఉన్న తల్లి గర్భంలోనే మొదలైంది. అందుకే ఇది ఆరోగ్య సమస్య అయినంతగానే న్యాయ సమస్య కూడా. ఎవరి బిడ్డ మెదడుకు ఏం దొరకాలో నిర్ణయించేది భూమి ఎవరికి ఉంది, కూలీ ఎంత, ఇంట్లో ఆఖరున తినేదెవరు అనేవే.

డబ్బు లేక ఇలా ఉందని అనుకోవద్దు. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం వంటి వాటికి ఖర్చు చేయాలని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారిలో తవ్వకాలు ఆపించింది. ఆ తర్వాత గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల పునరుద్ధరణ కోసం వేల కోట్లు పోగయ్యాయి. ఆ డబ్బు ఖర్చును పర్యవేక్షించడానికి 2022లో సుప్రీంకోర్టు నియమించింది మన తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి గారినే. నిధి ఉంది, చట్టం ఉంది. మా ఊరి అంగన్‌వాడీకి ఇందులో ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని గ్రామసభలో లేచి అడిగే నోరు కావాలి. ఆ నోరు సంఘ యౌవనులది ఎందుకు కాకూడదు?

తిండి విషయంలో పోరాటం ఎలా ఉంటుందో ఈ జిల్లా ఇప్పటికే చూసింది. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం బీదర్, రాయచూరు, కలబురగి, యాదగిరి, కొప్పళ, బళ్ళారి, విజయపుర జిల్లాల బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు ఇవ్వడం మొదలుపెట్టింది. కొందరు మఠాధిపతులు వ్యతిరేకించారు. పేద పిల్లలు మాత్రం మాకు గుడ్డు కావాలని బహిరంగంగా అడిగారు. గుడ్డులో మంచి మాంసకృత్తులతో పాటు మెదడు ఎదుగుదలకు అవసరమైన కోలిన్ కూడా ఉంది. ఎవరి ఆచారం వారిది, దాన్ని గౌరవించాలి. తినేవాడి కంచంలోంచి తీసేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆ పిల్లలు గెలిచారు. ఆ గెలుపులో క్రైస్తవ సంఘాల గొంతు ఇంకా గట్టిగా వినపడి ఉండాల్సింది.

తల్లుల ప్రాణాలకు ఇక్కడ ఎంత విలువ ఉందో 2024 నవంబరు చెప్పింది. బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ ఆపరేషన్లు జరిగిన తల్లుల్లో అయిదుగురు కొద్ది వారాల్లో చనిపోయారు. వాళ్ళకు ఎక్కించిన సెలైన్ ద్రవం నాణ్యత మీద ప్రభుత్వమే అనుమానం వ్యక్తం చేసింది. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. ఆ అయిదు ఇళ్ళలో పిల్లలకు తల్లిపాలు లేకుండా పోయాయి, ఒడి లేకుండా పోయింది. బిడ్డ నాడీవ్యవస్థకు మొదటి ఆహారం పాలే గాని, మొదటి పాఠం తల్లి ఒడి, ఆమె గొంతు. తల్లిని కాపాడకుండా బిడ్డ మెదడు గురించి మాట్లాడటం అర్థం లేని పని.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. స్పైనా బిఫిడాతో, సెరిబ్రల్ పాల్సీతో, మూర్ఛతో, మాట రాని స్థితితో ఉన్న బిడ్డ ఒక విశ్వాసి ఇంట్లో పుడితే మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? ఏం పాపం చేశారో! గ్రహణం రోజు బయటికి వచ్చిందని ఇరుగుపొరుగు అంటే, దశమభాగం ఇవ్వలేదనో, విగ్రహ నైవేద్యం తిన్నదనో కొందరు విశ్వాసులు అంటారు. మాటలు మారాయి గానీ నింద ఒకటే. ఆ నింద దాదాపు ఎప్పుడూ తల్లి మీదే పడుతుంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు అడిగింది సరిగ్గా ఇదే ప్రశ్న. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం వీడిదా, వీడి కన్నవాళ్ళదా అన్నారు. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. అంతటితో ఊరుకోక వంగి మన్ను తీసుకుని పని మొదలుపెట్టాడు. తప్పు ఎవరిదని వెతకడం శిష్యుల పద్ధతి. చేయాల్సిన పని చేయడం ఆయన పద్ధతి. రెండువేల ఏళ్ళ తర్వాత కూడా శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఎలా?

మూర్ఛ విషయంలో ఈ ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది. దయ్యమని ఉపవాస ప్రార్థనలకు తిప్పుతూ మందులు మాన్పించేవారు ఇప్పటికీ ఉన్నారు. మూర్ఛ మెదడులోని విద్యుత్ సంకేతాలు అదుపు తప్పడం వల్ల వచ్చే జబ్బు. సరైన మందులతో ఎక్కువమందికి ఫిట్స్ ఆగిపోతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భిణి వాడితే బిడ్డ వెన్నుపాము లోపాలకు అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఆ మందు వాడే అమ్మాయి పెళ్ళికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకునే వీలుందేమో కనుక్కోవాలి. తనంతట తాను మానేయడం మాత్రం ప్రమాదం. జబ్బును దాచిపెట్టి పెళ్ళి చేసే ఇళ్ళలో ఈ మాట ఎవరు చెబుతారు? పెళ్ళికి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే కాపరి చెప్పగలడు.

మేనరికం గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. రాయలసీమలోనూ బళ్ళారిలోనూ మేనమామకూ మేనబావకూ పిల్లనివ్వడం క్రైస్తవ ఇళ్ళలోనూ మామూలే. కట్నం తగ్గుతుంది, పిల్ల కళ్ళముందే ఉంటుంది, పొలం చెదరదు అని పెద్దల లెక్క. అడిగితే యాకోబు తన మేనమామ లాబాను కూతుళ్ళను చేసుకోలేదా అంటారు. చేసుకున్నాడు. పరిశుద్ధ గ్రంథం దాన్ని జరిగిన సంగతిగా చెప్పింది, అందరూ అలాగే చేసుకోండని ఆజ్ఞాపించలేదు. ఇద్దరు భార్యలతో ఆ ఇల్లు పడిన బాధను కూడా అదే గ్రంథం దాచకుండా చెప్పింది. వైద్యం చెప్పేది ఇది. మనందరి జన్యువుల్లోనూ కొన్ని లోపాలు నిద్రపోతూ ఉంటాయి. తల్లిదండ్రులిద్దరి దగ్గరినుంచీ ఒకే లోపం వస్తే అది బయటపడుతుంది. బావా మరదళ్ళకు జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామా మేనకోడలికి నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందువల్ల చెవుడు, బుద్ధిమాంద్యం, నరాల జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. బంధుత్వం లేని దంపతుల్లో నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలకు పుట్టుకతో పెద్ద లోపాలు ఉంటే, బావా మరదళ్ళ పెళ్ళిళ్ళలో ఆ సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఇప్పటికే అలా పెళ్ళయినవాళ్ళను భయపెట్టడం, సిగ్గుపరచడం తగదు. ఇకముందు కుదిర్చే పెళ్ళిళ్ళ గురించే మా మాట.

బాల్యవివాహం ఇంకా పెద్ద గాయం. అదే సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 ఏళ్ళకు ముందే పెళ్ళయినవారు కర్ణాటకలో 21.3 శాతం, ఆంధ్రలో 29.3 శాతం. పదహారేళ్ళ పిల్ల శరీరం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆమె ఎముకలకూ రక్తానికీ చాలని ఆహారాన్ని కడుపులోని బిడ్డతో పంచుకోవాలి. మనిషి మెదడు ముందుభాగం, అంటే ఆలోచించి నిర్ణయం తీసుకునే భాగం, ఇరవై ఏళ్ళు దాటాక గానీ పూర్తిగా పరిణతి చెందదు. ఆ వయసు పిల్లను తల్లిని చేయడమంటే రెండు మెదళ్ళకు ఒకేసారి అన్యాయం చేయడం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అలాంటి పెళ్ళి జరిపించిన కాపరికి కూడా రెండేళ్ళ వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. కర్ణాటక తన 2016 సవరణతో అలాంటి పెళ్ళి అసలు చెల్లదని చెప్పింది. చట్టం భయం ఉన్నా లేకపోయినా, వయసు రుజువు చూడకుండా ఏ కాపరీ బైబిలు తెరవకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇలా చెబుతూ పోతే లోపంతో బిడ్డ పుట్టిన తల్లిని మళ్ళీ నిందించినట్టే కదా, మాత్ర వేసుకోలేదు, ఆకుకూర తినలేదు అని? ఈ అభ్యంతరం న్యాయమైనదే. జవాబు కూడా స్పష్టంగా ఉండాలి. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న తల్లికి కూడా ఇలాంటి బిడ్డ పుట్టవచ్చు. ఫోలిక్ ఆమ్లం అన్ని లోపాలనూ ఆపలేదు. పైగా ఎవరూ చెప్పని సంగతి తెలియకపోవడం ఆమె తప్పు కాదు. తెలిసినవాళ్ళు చెప్పకపోవడమే తప్పు. తెలిశాక కూడా ఆమె చేతికి మాత్ర అందకపోతే అది వ్యవస్థ తప్పు. అలా పుట్టిన బిడ్డ దేవుని స్వరూపంలో ఏ మాత్రం తక్కువ కాదు. 139వ కీర్తనలో కీర్తనకారుడు గర్భంలోని తన నిర్మాణాన్ని చూసి ఆశ్చర్యపడ్డాడు. కాళ్ళు నడిచే బిడ్డలకు మాత్రమే ఆ కీర్తన పాడతామంటే అది కీర్తనకే అవమానం. వెన్నెముక తెరుచుకుని పుట్టిన బిడ్డ కూడా అదే చేతుల పని. లోపాన్ని నివారించడానికి కష్టపడటం, లోపంతో పుట్టిన బిడ్డను గౌరవంతో పెంచడం అనేవి ఒకే ప్రేమకు రెండు చేతులు.

ఇంకొకరు, ఇవన్నీ లోక సంబంధమైనవి, కాపరి పని ఆత్మలను రక్షించడమే అంటారు. న్యాయాధిపతుల గ్రంథం 13వ అధ్యాయం చదవమని వాళ్ళను కోరుతున్నాం. సమ్సోను పుట్టకముందు దేవదూత మానోహ భార్య దగ్గరకు వచ్చి, ఆమె గర్భం ధరించబోతోందని చెప్పి, వెంటనే ఆమె ఏం తాగకూడదో ఏం తినకూడదో చెప్పాడు. అది నాజీరు ప్రతిష్ఠకు సంబంధించిన మాట అన్నది నిజమే. కానీ మానోహ పిల్లవాడిని ఎలా పెంచాలని అడిగినప్పుడు, దూత మళ్ళీ తల్లి తిండి గురించే చెప్పాడు. బిడ్డ కడుపులో పడకముందే తల్లి తిండి దేవుని సందేశంలో భాగమైంది. మనకు ఇంతకన్నా వాక్యాధారం ఏం కావాలి?

భాష గురించి ఒక మాట. 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున బళ్ళారికి వచ్చిన జాన్ హ్యాండ్స్, ఇక్కడి జనం మాట నేర్చుకుని బైబిలును కన్నడంలోకి అనువదించాడు. సువార్త ప్రజల భాషలో ఉండాలని ఆయనకు తెలుసు. ఈ సరిహద్దులో తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి చేతిలో కన్నడ తాయి కార్డు ఉంటుంది. ఆంధ్ర ఊళ్ళో పేరు రాయించుకున్న గర్భిణి పత్తి తీయడానికి ఇటు వస్తే, ఆమె మాత్రలు అటే ఉండిపోతాయి. రెండు భాషలూ వచ్చిన యౌవనులు మన సంఘాల్లో ఉన్నారు. ఆ కార్డును చదివి వినిపించడం, ఇటు వచ్చిన గర్భిణిని ఇక్కడి అంగన్‌వాడీకి తీసుకెళ్ళి పరిచయం చేయడం వాళ్ళు చేయగల సువార్త సేవ. పుకార్లను ఆపడం కూడా అలాంటిదే. 2021లో ప్రధాని ప్రకటించాక ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు రేషన్ బియ్యంలో కలిసి వచ్చినప్పుడు, చాలా ఇళ్ళలో వాటిని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. ఒక్క ఆదివారం ప్రకటనల సమయంలో రెండు నిమిషాలు చెబితే తీరే భయం అది.

మరి సంఘం ఏం చేయాలి? మేము పెద్ద పథకాలు చెప్పడం లేదు. పెళ్ళి ప్రకటన చదివే రోజుకూ పెళ్ళికీ మధ్య ఉన్న రోజుల్లో వధూవరులిద్దరినీ, అమ్మాయిని ఒక్కదాన్నే కాకుండా, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అమ్మాయి రక్తం ఎంత ఉందో చూపించాలి. వెంటనే పిల్లలు కావాలనుకుంటే ఫోలిక్ ఆమ్లం మాత్రలు అప్పుడే మొదలుపెట్టించాలి. అవి చాలా చవక, పెళ్ళిలో ఒక పూలదండకు పెట్టే ఖర్చు కూడా కాదు. ముందు కాన్పులో ఇలాంటి లోపం వచ్చిన తల్లికి ఎక్కువ మోతాదు కావాలి, అది డాక్టరే చెప్పాలి. బడిలో వారం వారం ఇచ్చే నీలం మాత్రను మన ఆడపిల్లలు పారేయకుండా వేసుకునేలా ఆదివారపు బడి టీచర్లు చెప్పాలి. ఆ మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంది. ప్రేమవిందులో తెల్లన్నం, సాంబారుతో పాటు ఆకుకూర పప్పు, గుడ్డు, వేరుశనగ చట్నీ, జొన్నరొట్టె ఉండాలి. భోజనం కాగానే టీ తాగితే తిన్న ఇనుము ఒంటపట్టదని చెప్పాలి. ఆడవాళ్ళు మిగిలింది తినే అలవాటు కనీసం సంఘపు పంక్తిలోనైనా పోవాలి, వాళ్ళు కూర్చుంటే మగవాళ్ళు వడ్డించాలి.

బిడ్డ పుట్టాక ఎదుగుదల ఆలస్యంగా ఉంటే, మెడ నిలపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా, వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడని ఊరుకోవద్దు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలను ఉచితంగా పరీక్షించి, జిల్లా స్థాయి కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. ఎంత త్వరగా వెళ్తే అంత మేలు. చిన్నవయసులో మెదడు కొత్త దారులు వేసుకునే శక్తి ఎక్కువ. తండ్రులు బిడ్డతో మాట్లాడాలి, పాడాలి, ఎత్తుకోవాలి. తాగి వచ్చి తల్లిని కొట్టే ఇంట్లో బిడ్డ నరాలు ఎప్పుడూ భయంతో బిగుసుకునే ఉంటాయి. ఎదిగే మెదడుకు ఆ భయం మంచిది కాదు. మద్యం మీద మనం చేసే ప్రసంగాల్లో ఈ మాట కూడా చేరాలి. అలాగే లోపంతో ఉన్న బిడ్డలున్న ఇళ్ళకు సంఘం నెలనెలా వెళ్ళాలి. స్వస్థత సభకు రమ్మని పిలవడానికి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద వాళ్ళకు రావాల్సిన ధ్రువపత్రం, పింఛను ఇప్పించడానికి, ఆ తల్లి ఒక్కపూట నిద్రపోయేలా బిడ్డను చూసుకోవడానికి వెళ్ళాలి. మందిరం మెట్ల పక్కన ఒక ర్యాంపు కట్టించడానికి రెండు బస్తాల సిమెంటు చాలు.

రాబోయే పెళ్ళిళ్ళ కాలంలో మన సంఘాల్లో ఎన్నో జంటలు దేవుని ఎదుట నిలబడతాయి. వాళ్ళకు గర్భఫలం దయచేయమని మనం తప్పకుండా ప్రార్థిస్తాం. ఆ ప్రార్థనకు ఆమెన్ చెప్పిన చేత్తోనే కాపరి, కాపరమ్మ కలిసి ఆ కొత్త జంటకు ఒక బైబిలు, దానితో పాటు డాక్టరు సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్రల పాకెట్టు ఇవ్వాలని మా విన్నపం. అది అవిశ్వాసం కాదు. అడిగినదాన్ని అందుకోవడానికి సిద్ధపడటం.